దుబాయి చెక్క, మా మామ వీపు

మొన్న కరీంనగర్‌లో ఒక బండల దుకాణంలో నా పరువు ఒక చొక్కా గుండీకి వేలాడింది.

ఇంటికి కొత్త నేల వేయిద్దామని వెళ్లాను. దుకాణదారు బండలు చూపించాడు, మొజాయిక్ చూపించాడు, రాజస్థాన్ నుంచి వచ్చిందని ఒక తెల్లరాయి చూపించి దాని వంశవృక్షం చదివాడు. నేను దేనికీ లొంగకపోయేసరికి గొంతు తగ్గించి, పెళ్లిచూపులకు పిల్లను తెచ్చినంత మర్యాదగా లోపలినుంచి ఒక డబ్బా తెచ్చి, నా కాళ్ల ముందు నాలుగు పొడుగాటి ప్లాస్టిక్ పలకలు పరిచాడు. మందం చూస్తే జొన్నరొట్టె అంత. రంగు చూస్తే అచ్చం టేకు. ముడులున్నాయి, ఈనెలున్నాయి, ఇంకాస్త వంగి చూస్తే చెద కూడా కనిపిస్తుందేమో అన్నంత నిజంగా ఉన్న అబద్ధం.

"కొత్త మాల్ సార్. వినైల్ అంటరు. నీళ్లు వడ్డా ఉబ్బది, చెద వట్టది."

నా చెయ్యి నాకు చెప్పకుండానే చొక్కా పై గుండీ దగ్గరికి పోయింది. అది ఊడింది. రెండోదీ ఊడింది. మూడోదాని దగ్గర దుకాణదారు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంది సార్, ఉక్కవోస్తున్నదా? కూలర్ ఇటు తిప్పమంటరా?"

ఆ మాటతో మా మామ నా కళ్లముందు నిలబడ్డాడు. కాదు, నిలబడలేదు. చొక్కా లేకుండా వెల్లకిలా పడుకున్నాడు. నాకు ఆయన గుర్తొస్తే ఎప్పుడూ పడుకునే గుర్తొస్తాడు.

మా మామ, అంటే మా అమ్మకు అన్న, మంథని దారిలో ఒక ఊరికి పటేలు. మనిషి ఆరడుగుల పొడుగు, ఆయన మీసం అర్ధగజం వెడల్పు. కాళ్లకు కిర్రుచెప్పులు. వాటి అడుగున ఇనుప మేకులు ఎన్నున్నాయో లెక్క తెలియదు గాని, ఆయన పెద్దపల్లిలో బస్సెక్కితే ఇంట్లో మా అత్తమ్మకు కిర్రు వినిపించి ఎసరు పెట్టేదని ఊళ్లో అనేవారు. నేను కొంచెం పెంచి చెబుతున్నానని మీరనుకోవచ్చు. ఊళ్లోవాళ్లు నాకంటే ఎక్కువ పెంచారు.

ఆయన తాత కాలంలో ఆ వాకిట్లోకి చెప్పులు తొడుక్కుని వచ్చినవాడు లేడు. చెప్పులున్నవాడు వీధి మొదట్లోనే విప్పి చేత్తో పట్టుకునేవాడు. మామ కాలం వచ్చేసరికి వీధంతా తొడుక్కుని వచ్చి, గేటు దగ్గర విడిస్తే చాలన్నారు. ఈ ఘనకార్యాన్నే మామ "కాలం మారింది అల్లుడా, మనమే మార్సినం" అని చెప్పుకునేవాడు. గేటు లోపల మాత్రం ఒక్క జతే తిరిగేది. దేవునర్ర, అంటే పూజగది గడప దగ్గర, మంచం కోడు దగ్గర తప్ప ఆ జత కాళ్లను విడిచి ఎరగదు.

ఇంట్లో నేల తాతలనాటి గచ్చు. ఒకప్పుడు అద్దంలా ఉండేదట. నా ఎరుకలో దాని మీద పగుళ్లు గోదావరి ఉపనదుల్లా పారుతుండేవి. ఆ పగుళ్లలో చీమలు మూడు తరాలుగా పట్టా చేయించుకుని కాపురముంటున్నాయి. "పగుళ్లకు జర సిమెంటు మెత్తితే సరిపాయె" అని అత్తమ్మ. మామ ఒప్పుకోలేదు. కొత్త నేల కావాలి, అదీ మామూలుది కాదు.

"నా కాలికింద ఉన్నదానికంటె మంచిది గీ ఊర్ల ఇంకొకని కాలికింద ఉండద్దు. ఉన్నదనుకో, ఇగ నేనేం పటేలునిరా?"

ఆయన పంతమంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది. భూమి ఎలాగూ అటూ ఇటూ చేజారుతున్న రోజులవి. పొలంలో సాగని పటేలుతనాన్ని నాలుగు గోడల మధ్య నేలమీదైనా నిలబెట్టుకోవాలని ఆయన ఆరాటం. నాకు అప్పుడు పెద్దపల్లి బడిలో మాస్టరు ఉద్యోగం. సెలవొస్తే చాలు, "అల్లుడా, నడు" అని నన్ను నేలలు చూడటానికి తీసుకుపోయేవాడు. అలా ఏడేళ్లు తిరిగాం. పిల్లను వెతకడానికి కూడా ఎవరూ ఇన్ని ఇళ్ల గడపలు తొక్కరు.

నేలకు ఆయన మూడు పరీక్షలు పెట్టేవాడు. మొదటిది మడమతో తొక్కి చప్పుడు వినడం. రెండోది చెంబెడు నీళ్లు గుమ్మరించి అవి ఎటు పారతాయో చూడటం. మూడోదీ, అసలుదీ, చొక్కా బనీను విప్పేసి, చెప్పులు మాత్రం విప్పకుండా, వెల్లకిలా పడుకోవడం.

"కండ్లు మోసం జేస్తయి. కాళ్లు అలవాటు వడ్తయి. ఈపు అబద్ధమాడది. నేల సల్లగున్నదా లేదా ఈపు జెప్తది."

పెద్దపల్లిలో ఒక బంధువు గృహప్రవేశంలో, సత్యనారాయణ వ్రతం జరుగుతుండగా మొజాయిక్ మీద చెంబెడు నీళ్లు గుమ్మరించాడు. నీళ్లు తిన్నగా అయ్యగారి పీట కిందికి పారాయి. ప్రసాదం పళ్లెంతో లేచిన అయ్యగారు వ్రతకథలో లేని ఒక అధ్యాయాన్ని నడింట్లో దొర్లుతూ చదివారు. అందరూ ఆయన్ను లేపుతుంటే మామ నా చెవిలో, "వాటం మంచిగనే ఉన్నది గని, చిల్లర వారవోసినట్టు గా సుక్కలేందిరా? రేపు నిజంగ చిల్లర వడితె దొరుకుతదా?" అన్నాడు. మొజాయిక్ పోయింది.

మందమర్రిలో గని ఇంజినీరుగా ఉన్న ఒక చుట్టం ఇంట్లో నల్లబండలు చూశాం. మామ పడుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు, మెచ్చుకోలుగా తల ఊపాడు. లేచేసరికి వీపంతా బొగ్గు. ఇంటావిడ పాపం రోజుకు మూడుసార్లు ఊడుస్తుంది, ఆ ఊళ్లో గాలే నలుపు. తిరుగుబస్సులో మామ సీటుకు ఆనకుండా మంచిర్యాల దాకా నిటారుగా కూర్చున్నాడు. ఆయన తెల్లచొక్కా వెనక ఒక మనిషి ఆకారం అచ్చు దిగింది. బండలూ పోయాయి.

ఇచ్చోడలో పత్తి వ్యాపారి ఒకాయన తెల్లరాయి పరిపించాడని తెలిసి, ఆ మనిషెవరో తెలియకపోయినా వెళ్లాం. ఆయన మమ్మల్ని పత్తి అమ్మేవాళ్లనుకుని టీ పోయించాడు. మామ రాయి మీద పడుకుని, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, ఒక్క నిమిషంలో దిగ్గున లేచాడు. "గోరీల పీనుగ వన్నట్టున్నది నడువ్" అన్నాడు. పత్తి వ్యాపారి ఇప్పటికీ మేం ఎందుకొచ్చామో ఆలోచిస్తూనే ఉంటాడు.

ఏడేళ్లు ఇలా గడిచాక ఊళ్లోనే పిడుగు పడింది.

ఓదెలు అని మామ ఇంట్లో జీతగాడు ఉండేవాడు. ముప్పై ఏళ్లు ఆ గచ్చు మీద వడ్లబస్తాలు మోశాడు గాని, ఒక్కరోజు దాని మీద కూర్చోలేదు. వాకిట్లో మట్టిమీద కూర్చునేవాడు. అతని కొడుకు మల్లేశం దుబాయి పోయాడు. అక్కడ వాడి పని ఏమిటో విన్నారా? హోటళ్లకు నేలలు పరచడం. నాలుగేళ్లకు వచ్చి, ఊరి చివర రెండర్రల స్లాబు ఇల్లు కట్టి, అక్కడ పనిలో మిగిలిన పలకలు పెట్టెలకెత్తి తెచ్చి, నడింట్లో తన చేత్తోనే పరిచాడు.

"పటేలా, మల్లేశం ఇంట్ల చెక్కనేల ఏసిండట. చెక్క గాదట, చెక్క లెక్కుంటదట" అని వార్త చెప్పినవాడు ఆ పూట మామ ఇంట్లో మజ్జిగ కూడా తాగకుండా పోయాడు. మామ రెండు పూటలు పెరుగన్నం ముట్టలేదు. ఆయన చరిత్రలో అంత కఠోర ఉపవాసం శివరాత్రికి కూడా లేదు. మూడో పూట నాకు కబురొచ్చింది.

ఎండ ముదిరిన మధ్యాహ్నం కిర్రుకిర్రుమంటూ మల్లేశం ఇంటికి పోయాం. ఓదెలు అరుగు మీద నుంచి లేచి చేతులు కట్టుకున్నాడు. మల్లేశం పెండ్లాం రాజవ్వ దర్వాజలోకి వచ్చింది. మామ కుడికాలు గడప మీదికి లేచింది.

"పటేలా, చెప్పులు ఆడ ఇడ్సి రాండ్రి. గీతలు వడ్తయి" అంది రాజవ్వ.

మామూలుగానే అంది. పొగరు లేదు, వెటకారం లేదు. పాలగిన్నె మీద మూత పెట్టమన్నట్టు అంది. కాని ఊళ్లో కోళ్లు మేత మానాయి. ఆకాశంలో గద్ద ఎక్కడిదక్కడ ఆగింది. మామ కుడికాలు గాలిలో ఎంతసేపుందో నేను లెక్కపెట్టలేదు గాని, దించేసరికి తిమ్మిరెక్కింది.

దించింది గడప బయటే. లోపలికి పోవాలంటే చెప్పులు విడవాలి. విడిస్తే పటేలుతనం పోయె. వెనక్కి పోతే నేల చూడకపాయె. మామ నావైపు తిరిగాడు.

"అల్లుడా, నువ్వు వోయి పండు."

నేను బూట్లు విప్పి, చొక్కా విప్పి, పరాయివాళ్ల ఇంటి నడిమధ్య, ఒక ఇల్లాలి ఎదుట, పదోతరగతి పిల్లలకు నీతిపాఠాలు చెప్పే మాస్టరును, వెల్లకిలా పడుకున్నాను. రాజవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. అక్కడ గిన్నెలు నవ్వినట్టు చప్పుడైంది.

"ఎట్లున్నదిరా?" గడప బయటినుంచి మామ.

"సల్లగున్నది మామా!"

"సరిగ పండు. నడుము ఆనిందా?"

"ఆనింది."

"మడిమె గొట్టి సూడు."

పడుకునే మడమ కొట్టాను. ఎక్కడినుంచో తడిగడ్డి వాసన కమ్మగా వస్తోంది. చెవిలో సన్నగా గుర్రుమని ఏదో మోత. "మామా, వాసన గూడ మంచిగున్నది! దుబాయోళ్లు చెక్కల అత్తరు వోసినట్టున్నరు!" అని అరిచాను.

తిరుగుదారిలో మామ నా వీపును నమ్మలేదు. "నీది సర్కారు ఈపు. బెంచీ మీద వన్నా సల్లగనే ఉన్నదంటది. నా ఈపు నేను జూసుకోవాలె" అన్నాడు. కాని ఎలా? ఆ రాత్రంతా మామ దొర్లాడని మర్నాడు అత్తమ్మ చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ బయల్దేరాం. మల్లేశం గేటు దగ్గరికి రాగానే మామ ఒక్కసారి ఆగి, "అరెరె, పట్టీ తెగింది" అన్నాడు. చూశాను. నిజమే, కుడిచెప్పు పట్టీ తెగింది. ఇంకో అడుగు వేశాడు. "అరెరె, ఇది గూడ తెగింది." ఎడమదీ తెగింది. భూమ్మీద చెప్పులు పుట్టినప్పటినుంచి రెండు పట్టీలు ఒక్క గేటు దగ్గర, ఒక్క నిమిషంలో తెగడం అదే మొదలై ఉంటుంది. అంచులు చూస్తే కత్తిపీట మీద సొరకాయ కోసినంత నునుపు. నేను చూపు ఆకాశం వైపు తిప్పుకున్నాను. నేను వేలు విడిచిన మేనల్లుణ్ని కాదు గదా.

చెప్పులు విడవలేదన్నమాట. అవే విడిచిపెట్టాయి. ఇప్పుడు ఉత్తికాళ్లతో ఎవరింట్లోకైనా పోవచ్చు, పటేలుతనానికి మచ్చ లేదు.

ఓదెలు గబగబా అరుగు దిగి వచ్చి ఆ రెండు చెప్పులూ చేతుల్లోకి తీసుకున్నాడు. "తెగినయా పటేలా? నేను కుట్టుకొస్త."

దర్వాజలోంచి మల్లేశం గొంతు వచ్చింది. "బాపూ, ఆడ వెట్టు."

"తెగినయిరా..."

"తెగితే తెగనీ. ఎవ్వలయి తెగినయో వాళ్లు కుట్టిచ్చుకుంటరు. నువ్వు కూసో."

ఓదెలు చెప్పులతో అటు కొడుకునూ ఇటు పటేలునూ చూశాడు. మామ మాత్రం ఎవరినీ చూడలేదు. చెవులు ఇంటి దగ్గరే మరిచి వచ్చినవాడిలా ఆయన చూపంతా నేల మీదే ఉంది. ఓదెలు మెల్లగా చెప్పులు గేటు పక్కన, రాజవ్వ చెప్పుల పక్కన పెట్టాడు. మామ లోపలికి నడిచాడు.

నేను అప్పుడు మొదటిసారి ఆయన పాదాలు పట్టపగలు చూశాను. నలభై ఏళ్లు తోలులో దాగిన ఆ పాదాలు తెల్లగా, మెత్తగా, నిన్న పుట్టిన పసివాడివిలా ఉన్నాయి. అంత మీసం కింద అంత చిన్నపిల్లల పాదాలా! పక్కనే ఓదెలు పాదాలు. వాటి పగుళ్లు చూస్తే మామ ఇంటి గచ్చు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లు దాని మీద నడిచి నడిచి ఇవి దాన్నుంచి నేర్చుకున్నాయో, అది వీటినుంచి నేర్చుకుందో.

మామ చొక్కా విప్పాడు. పడుకున్నాడు. కళ్లు మూశాడు. మేం నలుగురం చుట్టూ నిలబడ్డాం, డాక్టరు ఏం చెబుతాడోనని చూసినట్టు. కాసేపటికి మీసాలు లేచాయి, పడ్డాయి, లేచాయి. గురక! ఏడేళ్లుగా ఏ నేలమీదా కుదరని నిద్ర, తన జీతగాడి ఇంట్లో కుదిరింది. పొద్దు వాలేదాకా లేవలేదు. రాజవ్వ ఆయన్ను దాటలేక వంట మొదలుపెట్టలేదు.

లేచి కూర్చుని ఒక్కటే మాట అన్నాడు. "నాకు గిదే కావాలె."

మల్లేశం మంచివాడు. చెప్పి చూశాడు. "పటేలా, మీ ఇంట్ల దూలాలు టేకు, దర్వాజలు టేకు. గోదారి దాటితె టేకడివి. గొర్లకొట్టానికి గూడ టేకుగుంజలు వాతుతరు మనకాడ. నిజం చెక్కనే ఎయ్యొచ్చు గద? గీ ప్లాస్టిక్ ఎందుకు?"

"నిజం చెక్క ఎవ్వడన్న ఏస్తడు" అన్నాడు మామ. "అడివి పక్కపొంటి ఉన్నోనికి టేకు గొప్పనారా? గిది సముద్రం దాటి రావాలె. నువ్వెన్ని అర్రలకు ఏసినవ్?"

"ఒక్క నడింటికే."

"నాకు అన్ని అర్రలకు ఏసెయ్యి."

మరుసటి సెలవుకు మల్లేశం దుబాయి నుంచి పలకలతో వచ్చాడు. బొంబాయి నుంచి అవి ఎలా వచ్చాయో, ఎన్ని బస్సులు ఆ బరువుకు ఒక పక్కకు ఒరిగాయో చెబితే అదే ఒక పురాణం. మల్లేశం పని మొదలుపెట్టాడు. మొదటి ఆజ్ఞ: ఇల్లు ఖాళీ చెయ్యాలి. సామానే కాదు, మనుషులు కూడా. బంక ఆరేదాకా ఎవ్వరూ కాలు పెట్టకూడదు. రెండు రోజులు మా మామ తన ఇంటి బయట, తన అరుగు మీద కూర్చుని, లోపల తిరుగుతున్న ఓదెలు కొడుకును కిటికీలోంచి చూశాడు. మధ్యలో ఒకసారి, "మల్లేశా, జర లోపటికి వచ్చి సూడాల్నా?" అని అడిగాడు. "వద్దు పటేలా, ఆడ్నే కూసోండ్రి" అని లోపలినుంచి జవాబు వచ్చింది. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఓదెలు విన్న మాటే అది. మల్లేశం కావాలని అనలేదు. అందుకే అంత బాగా తగిలింది.

మూడో రోజు పని అయింది. నడింటినుంచి దేవునర్ర దాకా టేకు. పైన నిజం టేకు దూలాలు, కింద వాటి వేషం. దూలాలు సిగ్గుపడి ఇంకొంచెం వంగాయేమోనని నాకు అనుమానం. మామ కొత్తగా కుట్టించిన కిర్రుచెప్పులతో లేచి, మీసం దువ్వుకుని, గడప దాటబోయాడు.

"పటేలా, చెప్పులు" అన్నాడు మల్లేశం.

"నాకు గూడనా?"

"మేకులున్నయి గద. ఒక్కదినంల చారలు వడ్తయి."

"నా ఇల్లురా ఇది!"

"ఇల్లు మీదే. గని చెక్కకు పటేలెవ్వలో ఎట్ల తెలుస్తది?"

అంతే. తాతల కాలంనుంచి ఊరందరి చెప్పులు విడిపించిన ఇంటి ముందు, పటేలు తన చెప్పులు తనే విడిచాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో కిర్రు చప్పుడు లేదు. మామ ఎప్పుడొస్తాడో, ఎప్పుడు వెనక నిలబడతాడో తెలియక అత్తమ్మ రోజుకు నాలుగుసార్లు ఉలిక్కిపడేది. వచ్చినవాళ్ల చెప్పులూ ఆయన చెప్పులూ గడప బయట ఒకే వరసలో. ఆయన వాటి కింద ఒక పీట వేయించాడు. ఒకరోజు ఎవరో తెలియక తమ చెప్పులు కూడా పీట ఎక్కించిపోయారు. దాంతో పీట తీయించాడు. తర్వాత మంథని దర్జీ దగ్గర చెప్పులకు గుడ్డసంచులు కుట్టించాడు, వాటితో లోపల తిరుగుదామని. ఒక్కసారే తిరిగాడు. నడింట్లో మొదలై వంటింటి దర్వాజ దాకా జారాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

అత్తమ్మ బాధ వేరు. పెండ్లయి వచ్చినప్పటినుంచి శుక్రవారం శుక్రవారం నడిల్లు అలికిన చెయ్యి ఆమెది. అలుకు లేకపోతే లక్ష్మి రాదని ఆమె నమ్మకం. మొదటి శుక్రవారమే దుబాయి చెక్క మీద పేడ అలికేసింది. పొద్దున్నే చూస్తే అలుకంతా అప్పడాల్లా లేచి, ఫ్యాను వేయగానే ఇంట్లో ఎగిరింది. ఒక అప్పడం దేవుడి పటం మీద వాలింది. "లచ్చిమి వచ్చింది సూడు" అన్నాడు మామ, నవ్వకుండా.

అసలు కథ ఎండాకాలం వచ్చాక మొదలైంది. నేను సెలవులకు వెళ్లేసరికి మామ నడింట్లో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వీపు కింద చెమట మడుగు. మీసం కొసలనుంచి చుక్కలు. నేను పక్కన చెయ్యి ఆనించి చూశాను. దోసె పెనం పొయ్యిమీదినుంచి దించి కాసేపయితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"మామా, ఎట్లున్నది?"

"సల్లగున్నది" అన్నాడు కళ్లు తెరవకుండా.

నాకు అర్థం కాలేదు. మల్లేశం ఇంట్లో నా వీపుకు అంత చల్లగా తగిలిన చెక్క ఇక్కడ ఎందుకు ఉడుకుతోంది? పోయి రాజవ్వనే అడిగాను. ఆమె మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సల్లదనం చెక్కదనుకున్నరా సారూ? కిటికిల కూలర్ నడుస్తుండె గద! పక్కపొంటి కిటికిలనే ఉండె. గడ్డితట్టెలకు నీళ్లు వోసిందే నేను. మీరిద్దరు కిందికి జూసుడే గని, మీదికి ఎన్నడు జూసిండ్రు?"

తడిగడ్డి వాసన! గుర్రుమనే మోత! ఇద్దరు మొనగాళ్లం, ఏడేళ్లు నేలలు చదివినవాళ్లం, మూరెడు దూరంలో గాలి కొడుతున్న ఇనుప డబ్బాను చూడలేదు. నేలలో పటేలుతనం వెతికేవాడికి నేల తప్ప ఇంకేదీ కనబడదు కాబోలు.

మామకు చెప్పాలా? చెప్పే అవసరం రాలేదు. నాలుగో ఎండాకాలానికి నాకు తెలిసింది, ఆయనకు నాకంటే ముందే తెలుసని. తన ఇంట్లో కూలర్ పెట్టించమని అత్తమ్మ పోరితే, "ఎందుకు? నేల సల్లగనే ఉన్నది గద" అని కసిరేవాడట. కూలర్ పెడితే నేల ఓడిపోయినట్టు. నేల ఓడిపోతే ఏడేళ్లు తిరిగి ఎంచుకున్న పటేలు ఓడిపోయినట్టు. అందుకని రోజూ మధ్యాహ్నం, ఊళ్లో నలుగురూ వచ్చే వేళకు, చొక్కా విప్పి ఆ పెనం మీద పడుకునేవాడు. ఎవరు అడిగినా, అడక్కపోయినా, "సల్లగున్నది" అనేవాడు. ఆరు ఎండాకాలాలు అలా వేగాడు. వీపు అబద్ధమాడదని చెప్పిన మనిషి, ఆ వీపుకు అబద్ధం నేర్పి, దాని చేత రోజూ అప్పజెప్పించుకున్నాడు.

ఏడో ఎండాకాలం మంచం పట్టాడు. ఇక ఈ రోజో రేపో అని డాక్టరు పెదవి విరిచాక, బంధువులమంతా చేరాం. పోయే ప్రాణం మంచం మీద పోకూడదు, కిందికి దించాలి. దించబోతుంటే మామకు మేనత్త వరసైన ఒక ముసలామె అడ్డం కూర్చుంది.

"గీ ప్లాస్టిక్ మీదనా? దీని మీద పానం వోతే భూతల్లికి ముట్టదు. ముట్టేదాక గడప కాన్నే తిరుగుతడు."

"అవ్వా, దీని కింద గచ్చున్నది, అది భూమే గద" అని ఎవరో.

"గచ్చంటే సున్నం, ఇసుక. గోదారిది. గిది దుబాయిది. ఆడి భూతల్లికి మనోళ్లు ఎరుకనా?"

దీనికి జవాబు చెప్పగల పండితుడు వేదపండితులకు పేరుపడ్డ మంథనిలో కూడా దొరకడు. మల్లేశానికి కబురు పోయింది. అప్పటికి వాడు దుబాయి మానేసి ఊళ్లోనే ఉంటున్నాడు. గడప బయట చెప్పులు విడిచి, వంకర కత్తి పట్టుకుని లోపలికి వచ్చాడు. మామ కళ్లు తెరిచి వాణ్ని చూశాడు.

"అంచులు తెగకుంట తియ్యిరా" అన్నాడు.

మల్లేశం ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు కొలిచి, పలకలు ఒక్కొక్కటీ లేపాడు. కింద తాతలనాటి గచ్చు. పగుళ్లలో చీమలు తలలెత్తి చూశాయి. అత్తమ్మ గిన్నెడు పేడనీళ్లు తెచ్చి, ఆరేళ్ల బాకీ తీర్చుకున్నట్టు, ఆ జాగ అలికింది. అలుకు ఆరాక అందరం కలిసి మామను దాని మీద పడుకోబెట్టాం. చొక్కా లేదు. వెల్లకిలా.

ఓదెలు తల దగ్గర కూర్చున్నాడు. ఆ ఇంట్లో నేల మీద అతను కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. కూర్చున్నది దుబాయి చెక్క మీద. మామ గచ్చు మీద.

మామ పెదవులు కదిలాయి. వంగాను.

"సల్లగున్నది" అన్నాడు.

ముసలామె మూతి తిప్పింది. "సచ్చేకాడ గూడ గదే పాట." అత్తమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూనే తల అడ్డంగా ఊపింది. ఆరేళ్లుగా వింటున్న మాట. మాలో ఎవరమూ పట్టించుకోలేదు. సాయంత్రానికి ఆయన పోయాడు.

పదకొండో రోజు మల్లేశం ఆ పలకలు మళ్లీ అంటించడానికి వచ్చాడు. అత్తమ్మ వద్దంది. "గాంత జాగ నాకు ఉండనియ్యి బిడ్డా. శుక్రారం అలుక్కుంట." గడప బయట ఉన్న కిర్రుచెప్పులు తెచ్చి ఆ గచ్చు మీద ఒక మూలన పెట్టింది. ఇల్లంతా తిరగాల్సిన చెప్పులకు చివరికి ఆరడుగుల జాగ దొరికింది.

మల్లేశం కత్తి సంచిలో పెట్టుకుంటూ నాతో అన్నాడు. "సారూ, నేను ఒక్కపారి అడిగిన. పటేలా, ఉడుకుతున్నది గద, తీసేద్దమా అన్న. 'నీ ఇంట్ల ఉంటది, నా ఇంట్ల ఉండద్దా?' అన్నడు. ఇగ నేనేమంట?"

ఎండ మండుతోంది. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి నేను చొక్కా విప్పి ఆ గచ్చు మీద పడుకున్నాను. బావి నీళ్లు వీపున పోసినట్టుంది. ఒక్క పొర్లు పొర్లి దుబాయి చెక్క మీదికి వెళ్లాను. కాలింది. మళ్లీ ఇటు పొర్లాను. చల్లగా ఉంది. మా మామ వీపు ఆరేళ్లలో ఒక్కసారే నిజం చెప్పింది. ఆ ఒక్కసారే మేం మూతులు తిప్పాం.

కరీంనగర్ దుకాణదారు ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. చెయ్యి కూలర్ మీద ఉంది.

"ఇటు తిప్పమంటరా సార్?"

"వద్దు," అన్నాను మూడో గుండీ విప్పుతూ. "ఉన్నది గూడ బంద్ చెయ్యి."